క్లేర్ మనసులో మాటని బొమ్మలో ఎలా గీస్తారు?

కిందటి సంచికలో కాలప్రయాణం కథల గురించి ఒక ముక్క అన్నానో లేదో, ఈసారి ఉత్తరాలన్నీ అటే మళ్లాయి. ‘ఔట్‌లాండర్’ (ఇంగ్లీషు నవల, దాని మీద వచ్చిన టీవీ సీరియల్) అభిమానులు మన పాఠకుల్లో ఇంతమంది ఉన్నారని నాకు తెలీదు సుమండీ. సినిమా ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే సంచికదాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: సీరియల్ చూసి, తర్వాత నవల చదివి, ఆ ఊపులో దాని బొమ్మల పుస్తకం కూడా తెప్పించుకున్నాను. తీరా చూస్తే అందులో కథ చెప్పేది క్లేర్ కాదు! క్లేర్ లేకపోతే ఇంకేముందండీ అందులో? – ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: మీ దగ్గరున్నది 2010లో వచ్చిన ‘ది ఎగ్జైల్’. రాసింది నవల రాసిన డయానా గాబల్డనే, బొమ్మలు హోవాంగ్ న్యూయెన్‌వి. నవల చదవనివాళ్ల కోసం రెండు మాటలు. రెండో ప్రపంచ యుద్ధంలో నర్సుగా చేసిన క్లేర్, యుద్ధం అయ్యాక భర్తతో స్కాట్లాండు వెళ్తుంది, అక్కడ కొండమీద నిలువురాళ్ల మధ్యకి వెళ్లి ఒక రాయిని ముట్టుకుని 1743లో తేలుతుంది, అక్కడ జేమీ ఫ్రేజర్ తగులుతాడు. ఇక్కడో మొగుడు, అక్కడో మొగుడు, మధ్యలో రెండొందల ఏళ్లు. ఇదంతా ఆవిడే ‘నేను’ అంటూ చెబుతుంది. నవలకి ప్రాణం ఆ గొంతే. ఎవరి భుజం బెణికినా, ఎవరు అబద్ధమాడినా ఆవిడ లోపల్లోపల ఏదో ఒకటి అంటూనే ఉంటుంది.

సరే, బొమ్మ గీశారు. చూసేవాడు బయట నిలబడ్డాడు. గదిలో ఉన్న పదిమందిలో క్లేర్ కూడా ఒకతె అయిపోయింది. ఆవిడ లోపలి మాటలన్నీ బొమ్మ పైన పెట్టెల్లో రాసుకుంటూ పోవచ్చు గానీ, అప్పుడు బొమ్మ చూడక్కర్లేదు, పెట్టెలు చదువుకుంటే చాలు. గాబల్డన్ ఆ జోలికి పోలేదు. జేమీ వైపు నుంచీ, అతని గాడ్‌ఫాదర్ మర్టా వైపు నుంచీ చెప్పింది. నవల చదువుతున్నప్పుడు క్లేర్ రహస్యం మనకి తెలుసు, వాళ్ల రహస్యాలు తెలీవు. ఇక్కడ ఆ మగాళ్లకి ఆవిడ కొండల్లో పల్చటి గౌనుతో దొరికిన ఎవరో ఇంగ్లీషావిడ, గూఢచారో ఏమో. ఆ అనుమానం బొమ్మలో బాగా పలుకుతుంది, పక్కచూపు గీస్తే చాలు, వాక్యం అక్కర్లేదు. గాబల్డన్ నవలలు మొదలెట్టకముందు డిస్నీ కామిక్స్‌కి స్క్రిప్టులు రాసింది, అందుకే ఈ తేడా పట్టుకోగలిగిందని నా అనుమానం.

ఆలోచన నూటికి నూరు. ఆచరణ అంత లేదు, అదీ చెప్పాలి. నా కంటికి చాలా పేజీల్లో తలలు తలలతో మాట్లాడుకుంటూనే కనిపించాయి. గడ్డం ఉన్నవాళ్లలో ఎవరు ఎవరో తేల్చుకోవడానికి వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

ప్రశ్న: పుస్తకంలో జేమీ నా జేమీలా లేడు. నాకొక్కదానికేనా ఈ బాధ? – విజయనగరం పాఠకురాలు

జవాబు: అందరికీ. అసలు నవల వచ్చింది 1991లో (మన ‘ఆదిత్య 369’ కూడా అదే ఏడాది, అప్పుడు అందరికీ కాలం మీదే కన్ను పడిందేమో). 1991కీ 2010కీ మధ్య చదివిన ప్రతి ఒక్కరూ ఎర్రజుట్టు, మంచి పొడుగు అన్న రెండు గుర్తులతో ఎవరి జేమీని వాళ్లు తయారుచేసుకున్నారు. గీసేవాడు ఒక్క మొహమే గీయగలడు, మిగతావాళ్లందరూ ఓడిపోయినట్టే. 2014లో సీరియల్ మొదలయ్యాక ఇంకో తంటా. ఇప్పుడు పుస్తకం తెరిచేవాళ్లు అందులో జేమీగా వేసిన సామ్ హ్యూఅన్ మొహం వెతుక్కుంటున్నారు. ఆ బొమ్మలు వేసేనాటికి ఆయన ఆ వేషం కట్టనేలేదు, పాపం చిత్రకారుడేం చేస్తాడు?

ప్రశ్న: అంత లావు నవల ఒక్క బొమ్మల పుస్తకంలో ఎలా పట్టింది? – నిజామాబాద్ పాఠకుడు

జవాబు: పట్టలేదు. లెక్క చూడండి. నవల ఇంగ్లీషులో సుమారు 3 లక్షల మాటలు. కామిక్ పేజీలో ఐదారు గడులు, ఊపిరాడాలంటే మొత్తం పేజీకి 120 మాటలు మించకూడదు. 200 పేజీలకి 24 వేలు, అంటే పన్నెండో వంతు కూడా కాదు. ‘ది ఎగ్జైల్’లో నవల మొదటి భాగం మాత్రమే వస్తుంది. అయినా కిక్కిరిసినట్టే ఉంటుంది. నవలలో మనం వదిలేయలేం అనుకునే సంభాషణలే బొమ్మల్లో ముందు కోతపడాల్సినవి, రాసినావిడే స్క్రిప్టు రాస్తే ఆ కత్తెర అంత సులువుగా ఆడదు మరి.

ప్రశ్న: రెండు కాలాల్లో జరిగే కథకి ఏది ఎప్పటిదో పాఠకుడికి ప్రతిసారీ తేదీ వేసి చెప్పాలా? – హనుమకొండ నుంచి బొమ్మలు నేర్చుకుంటున్న అమ్మాయి

జవాబు: మొదటిసారి వెయ్యమ్మా, తర్వాత రంగుకి అప్పగించు. ఆక్టేవియా బట్లర్ 1979 నవల ‘కిండ్రెడ్’ని 2017లో డేమియన్ డఫీ, జాన్ జెన్నింగ్స్ గ్రాఫిక్ నవల చేశారు. అది ప్రేమకథ కాదు, 1976లో కాలిఫోర్నియాలో ఉన్న నల్లజాతి అమ్మాయి బానిసత్వం నాటి మేరీలాండ్‌లోకి ఈడ్చుకుపోబడే కథ. మామూలుగా ఎవరైనా గతాన్ని పాత ఫోటోలా వెలవెలబోయేలా గీస్తారు. వీళ్లు తిరగేశారు. ఆ అమ్మాయి వర్తమానమే గోధుమరంగులో మసకగా ఉంటుంది, గతమేమో రంగులతో కళ్లమీద పడుతుంది. దెబ్బలు తగిలేది అక్కడే కదా. దొరికితే చూడు, ఒక్కసారి తిరగేస్తేనే నీకు సగం పాఠం వచ్చేస్తుంది.

ఇంకోటి, బట్టలు. ‘ఔట్‌లాండర్’ నవలలో ‘ప్లెయిడ్ కట్టుకున్నాడు’ అని రాస్తే పనైపోతుంది, గీసేటప్పుడు అది ఎలా కట్టారో తెలియాలి. 1743 నాటి హైలాండర్ (స్కాట్లాండు కొండప్రాంతం మనిషి) కట్టింది ఇప్పటి కుట్టిన కిల్టు, అంటే లంగాలాంటి గళ్ల బట్ట, కాదు, పొడవాటి ఒకే గుడ్డ, మన పంచె కుచ్చిళ్లలా మడతలు పెట్టి నడుముకి బెల్టు బిగించి, మిగతాది భుజం మీదకి వేసుకునేవాళ్లు, చలేస్తే అదే దుప్పటి. ఒక్కో వంశానికి ఒక్కో గళ్ల డిజైను అన్న లెక్క స్థిరపడింది 19వ శతాబ్దంలో. కాబట్టి పోరాటంలో గళ్లని బట్టి ఎవరు ఏ వంశమో చూపిద్దామనుకుంటే అది చరిత్ర కాదు. 1746 ఏప్రిల్ 16న స్కాట్లాండులోని కల్లోడెన్‌లో జాకొబైట్లు (పాత స్టువర్ట్ రాజవంశాన్ని మళ్లీ గద్దెనెక్కించాలని తిరగబడ్డవాళ్లు) గంట కూడా నిలవకుండా ఓడిపోయాక ఆ వేషాన్నే చట్టం పెట్టి నిషేధించారు, 1782 దాకా ఎత్తలేదు. నవల చదివేవాడికి ఆ ఓటమి ముందే తెలుసు, అందుకే 1743లో ఆ గుడ్డ ఎంత బాగా గీస్తే అంత గుబులు.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు, కామిక్సంటే పిచ్చి. ‘ది ఎగ్జైల్’ కొనిపెట్టొచ్చా? – గుంటూరు తల్లి

జవాబు: వద్దండీ. బొమ్మలున్నంత మాత్రాన పిల్లల పుస్తకం అయిపోదు, ఇది పెద్దవాళ్ల కథ.

ప్రశ్న: వారపత్రికలో ఎప్పుడో వచ్చిన ఒక తెలుగు సీరియల్, ఓ మోడ్రన్ అమ్మాయి కాకతీయుల కాలానికి వెళ్లే కథ, గ్రాఫిక్ నవలగా గీయాలని ఉంది. రచయిత పోయి పదేళ్లయింది. వాళ్లమ్మాయి ఫోన్లో ‘గీసుకో బాబూ’ అంది. మొదలెట్టనా? – వరంగల్ యువకుడు

జవాబు: పెన్సిల్ పట్టుకో, కానీ సంతకం పెట్టించుకునేదాకా ఎక్కడా అచ్చెయ్యకు. మన కాపీరైట్ చట్టం (1957) అనుసరణ అంటే ఏమిటో చెబుతూ, కథని ప్రధానంగా బొమ్మలతో చెప్పే రూపాన్ని కూడా అందులో కలిపింది, అంటే అచ్చంగా నువ్వు చేయబోయేదే. రచయిత పోయాక 60 ఏళ్లదాకా ఆ హక్కు వారసులది. ఫోన్లో మాట మంచి మనసుకి గుర్తు, అంతే. హక్కు రాసిస్తే అది కాగితం మీద ఉండాలి. అందులో ఎన్నేళ్లు, ఎక్కడెక్కడ, రాయల్టీ ఎంత అన్నవి రాయించుకో. ఎన్నేళ్లో రాయకపోతే చట్టం 5 ఏళ్లే అనుకుంటుంది, ఎక్కడో రాయకపోతే ఇండియా వరకే. నీకు అమెరికా తెలుగువాళ్లే కొనేది కాబట్టి ఆ రెండో ముక్క మర్చిపోకు. ఇంకా తిరకాసేమిటంటే, హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడుకోకపోతే, కాగితంలో వేరేగా లేకుంటే, అది చెల్లకుండా పోతుంది. రోజుకి పేజీ చొప్పున గీసినా, అదీ ఒట్టి పెన్సిల్ పనికే, 200 పేజీలకి ఏడాదిలో చాలాభాగం పోతుంది. తర్వాత ఇంకు, రంగు. గడువు పెంచి రాయించుకో. వారసులు ఒక్కరే కాకపోతే అందరి సంతకాలూ కావాలి. ఒక లాయరుకి ఓసారి చూపిస్తే టెన్షన్ ఉండదు.

ఇక అక్షరాల సంగతి. ఇంగ్లీషు కామిక్ చూసి మాటల బుడగలు గీసేయకు. మనకి పైన గుడులు, కింద వత్తులు, ‘రాష్ట్ర’ అని రాసి చూడు ఒక్క లైనే ఎంత లోతుకి దిగుతుందో. వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి, అదే మాటకి బుడగ ఎత్తు పెరుగుతుంది, ఆ మేరకి బొమ్మలో తల కిందకి జరగాలి. అందుకని ముందు మాటలు పెట్టి, తర్వాత గీయి. కొన్ని బొమ్మల సాఫ్ట్‌వేర్లలో వత్తులు విడిపోయి పక్కన పడతాయి, పది పేజీలు వేశాక కాదు, మొదటి రోజే ‘స్త్రీ’, ‘క్ష్మ’ టైపు చేసి చూసుకో.