ఉద్యోగం మానేసి నవల రాయడం నేర్చుకోవడానికి వెళ్ళమంటారా?

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. నాకు 26 ఏళ్ళు, మాది తణుకు, నాలుగేళ్ళుగా హైదరాబాద్‌లో ఐటీ జాబ్ చేస్తున్నా. ఎప్పటికైనా ఫుల్ టైమ్ నవలా రచయిత్రిని అవ్వాలని కోరిక. ఇంగ్లండ్‌లో క్రియేటివ్ రైటింగ్ ఎమ్మే ఉంది, ఏడాది కోర్సు, ఫీజూ రూమూ తిండీ అన్నీ కలిపితే 30 లక్షలు లోన్ పెట్టాలి. మా నాన్న "రాయడం కూడా ఒకళ్ళు నేర్పితే వస్తుందా" అంటున్నారు. నేను రాసేది మాత్రం తెలుగులోనే. మొదలుపెట్టిన నవల మొదటి పేజీ కూడా జత చేశా, చూసి చెప్పండి. – ఒక పాఠకురాలు

జవాబు: మీ నాన్నగారి మాట దగ్గర్నుంచే మొదలుపెడతానమ్మా, ఆ మాట మా ఇంట్లో నేనూ విన్నదే. వీణ నేర్పిస్తారు, నాట్యం నేర్పిస్తారు, కథ దగ్గరికొచ్చేసరికి మాత్రం అది పుట్టుకతో రావాలి అంటాం, ఎందుకో మరి. అమెరికాలో అయోవా యూనివర్సిటీలో రైటర్స్ వర్క్‌షాప్ 1936లోనే పెట్టారు. ఇంగ్లండ్‌లో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీలో 1970లో మాల్కమ్ బ్రాడ్‌బరీ, ఆంగస్ విల్సన్ అని ఇద్దరు రచయితలు ఎమ్మే మొదలుపెడితే మొదటి ఏడాది చేరింది ఒకే ఒక్కడు, ఇయన్ మెక్‌యూవన్, ఆయన తర్వాత ఎంత పెద్ద నవలా రచయిత అయ్యాడో మీకు తెలిసే ఉంటుంది. 2017లో నోబెల్ వచ్చిన కజువో ఇషిగురో కూడా అక్కడ చదివినవాడే. కాబట్టి నేర్పితే వస్తుందా అంటే, కొంత వస్తుంది, నేను గట్టిగా నమ్ముతాను.

కానీ అక్కడ నేర్పేదేంటో చూడండి. ఈ కోర్సుల్లో లెక్చర్లు తక్కువ. మీరు రాసిన పేజీలు ముందే అందరికీ ఇచ్చేస్తారు, వాళ్ళు చదువుకుని వస్తారు, టేబుల్ చుట్టూ కూర్చుని ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ నమ్మలేకపోయాం, ఎవరు ఎవరో ఎక్కడ అర్థం కాలేదు అని మాట్లాడుకుంటుంటే రాసినవాళ్ళు చాలా చోట్ల నోరు మెదపకుండా వినాలి. తర్వాత ఇంటికెళ్ళి మళ్ళీ రాయాలి. అంటే ఆ డబ్బు పోసి మీరు కొనుక్కునేది ముఖ్యంగా శ్రద్ధగా చదివే పాఠకుల్ని, మళ్ళీ రాయక తప్పని గడువుని. టీచర్లు మంచివాళ్ళు దొరికితే అదింకో లాభం.

ఇప్పుడు మీ పేజీ. తణుకు బస్టాండ్‌లో లక్ష్మి కొడుకు కోసం ఎదురుచూస్తోంది. ఎనిమిది వాక్యాలు వరసగా ఆవిడ గుండె బరువెక్కింది, కళ్ళు చెమర్చాయి, మనసు మౌనంగా రోదించింది. నాకు లక్ష్మి కనపడలేదమ్మా. తొమ్మిదో వాక్యంలో, సున్నుండల డబ్బా మూత బస్సులో ఊడిపోతుందేమోనని దానికి రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేసింది అని రాశారు చూడండి, అక్కడ ఆగిపోయాను నేను. కొడుకు ఉండడని, వచ్చిన బస్సుకే వెళ్ళిపోతాడని, డబ్బా వాడితో పాటు వెళ్ళాల్సిందేనని ఆవిడకి ముందే తెలుసని ఆ రబ్బరు బ్యాండు చెప్పేసింది. పై ఎనిమిదీ కొట్టేయండి, ఏమీ పోదు.

ఆ కింద లక్ష్మి ఫోన్‌లో "నువ్వు ఇంకా ఎంత సమయంలో చేరుకుంటావు?" అని అడుగుతుంది. మీ తణుకులో ఏ తల్లి అలా అడుగుతుంది? "ఎక్కడిదాకా వచ్చేవురా, తాడేపల్లిగూడెం దాటేవా" అంటుంది, బస్సు ఎటు నుంచి వస్తోందో, ఇంకెంతసేపు పడుతుందో కూడా అందులోనే తెలిసిపోతుంది. ఈ రెండు మాటలూ నేను చెప్పగలిగానంటే అది నాకు తెలుగు వచ్చు కాబట్టి, ఆ రోడ్డు తెలుసు కాబట్టి. ఇంగ్లండ్‌లో ఆ టేబుల్ చుట్టూ కూర్చున్న వాళ్ళకి మీరు లక్ష్మిని ఇంగ్లీషులో చెప్పాలి, అప్పుడు "వచ్చేవురా"లో ఉన్న చనువు వాళ్ళకెలా వినపడుతుంది, అది తప్పిందో కుదిరిందో వాళ్ళెలా చెప్తారు. మీరు ఇంగ్లీషులో రాసేవాళ్ళయితే నా జవాబు వేరేగా ఉండేది. మీ పాఠకులు ఇక్కడున్నారు, వాళ్ళని వెతుక్కోవడానికి అంత దూరం అప్పు చేసి వెళ్ళడం నాకు మనసొప్పట్లేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఇది మనవాళ్ళు మొహమాటంతో చెప్పరు. 30 లక్షలు పదేళ్ళకి తీరుద్దామంటే ఇప్పుడున్న వడ్డీలకి నెలకి 40 వేలు దాకా కట్టాలి. అదే 250 రూపాయల తెలుగు నవల 1000 కాపీలు మొత్తం అమ్ముడుపోయి, 10 శాతం రాయల్టీ నిజంగా చేతికొచ్చిందనుకుంటే మీకొచ్చేది 25 వేలు, అదీ ఆ వెయ్యీ పోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో, చాలామంది సొంత డబ్బుతో 500 వేసుకుని పంచుకుంటున్నారు. వీక్లీల్లో సీరియల్ కోసం ఇంటిల్లిపాదీ కాచుక్కూర్చున్న యద్దనపూడి, యండమూరి గార్ల రోజుల్లో రచన మీద బతికినవాళ్ళు ఉన్నారు. ఆ వీక్లీలే చాలావరకు ఇప్పుడు లేవు. రావిశాస్త్రి గారు విశాఖలో లాయరుగా ఉంటూనే రాశారు, బుచ్చిబాబు గారు రేడియోలో పనిచేస్తూనే రాశారు. వాళ్ళ రాతకి ఆ ఉద్యోగం అడ్డొచ్చిందని ఎవరంటారు, ఆ కోర్టు మెట్లు ఎక్కకపోతే రావిశాస్త్రి గారి మనుషులు ఆయనకి ఎక్కడ దొరికేవాళ్ళు!

అందుకని జాబ్ ఉంచుకోండి. మీలాగే రాసేవాళ్ళని ముగ్గుర్ని వెతకండి, పొగిడేవాళ్ళు కాదు, చదివేవాళ్ళు. పదిహేను రోజులకోసారి కలవండి, ఒక్కొక్కళ్ళు పది పేజీలు, రెండు రోజుల ముందే పంపాలి, రాసినవాళ్ళు అరగంట మాట్లాడకూడదు. నేను నా మొదటి నవల అలా చూపించలేదు, నేరుగా ఒక పత్రికకి పంపాను, ఏడాది తర్వాత ఒక్క ముక్క కూడా రాయకుండా తిప్పి పంపారు, ఎక్కడ చెడిందో చెప్పే మనిషి లేక రెండేళ్ళు దాన్ని బీరువాలో పెట్టి కూర్చున్నాను, ఇప్పటికీ ఆ రెండేళ్ళు తల్చుకుంటే బాధేస్తుంది. మీకు అది జరక్కూడదు. ఈ నవల మొదటి చిత్తు అయ్యాక ఫైల్‌లో దిద్దకండి, పక్కన పెట్టుకుని మొత్తం కొత్తగా టైప్ చేయండి, మళ్ళీ టైప్ చేయడానికి బద్ధకం అనిపించిన పేజీ అక్కర్లేని పేజీ. తర్వాత నవలల పోటీలు ఉంటాయి, తానా లాంటి అమెరికా తెలుగు సంఘాలవాళ్ళు కూడా పెడుతుంటారు, వాటి గడువు పెట్టుకుని పూర్తి చేయండి.

రెండేళ్ళు ఇలా చేశాక కూడా వెళ్ళాలనే ఉంటే అప్పు లేకుండా వెళ్ళే దారి చూడండి. అయోవా కోర్సు రెండేళ్ళు, చేరినవాళ్ళలో దాదాపు అందరికీ ఏదో ఒక ఫండింగ్ ఉంటుంది, సీట్లు బాగా తక్కువ, వాళ్ళు మీ మార్కుల కంటే మీరు పంపిన పేజీలే చూస్తారు. అప్పటికి మీ దగ్గర చూపించడానికి పేజీలుంటాయి.

ప్రశ్న: అమ్మా, మాది పలాస దగ్గర. కరెంటు లైన్‌మన్‌గా చేసి మొన్నే రిటైరయ్యాను. తిత్లీ తుఫానులో వారం రోజులు ఇంటికెళ్ళకుండా స్తంభాలెక్కిన వాణ్ణి, ఇప్పుడు తీరిగ్గా రాద్దామనుంది. ఇగ్నో వాళ్ళ క్రియేటివ్ రైటింగ్ డిప్లొమా చేస్తే మంచిదా? – ఒక పాఠకుడు

జవాబు: అన్నయ్యగారూ, నాకు తెలిసిన ఆ డిప్లొమా ఇంగ్లీషులో రాసేవాళ్ళకి. ఇంగ్లీషులో రాయాలనుంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, అసైన్‌మెంట్లు ఉంటాయి కాబట్టి రాసే అలవాటవుతుంది. తెలుగులో రాసేట్టయితే మీకు దగ్గర్లోనే శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. లెక్కల మాస్టారుగా పనిచేసిన కాళీపట్నం రామారావు గారు తనకొచ్చిన అవార్డుల డబ్బు పెట్టి 1997లో దాన్ని మొదలుపెట్టారు, పాత పత్రికల్లో వచ్చిన తెలుగు కథలు వేలకొద్దీ ఒకచోట చేర్చారు. తెరిచి ఉంటుందో లేదో కనుక్కుని వెళ్ళి నాలుగు రోజులు కూర్చుని చదవండి.

ఇంకో మాట. 2018 అక్టోబర్ తుఫాను సంగతి ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఆ వారం ఎక్కడ పడుకున్నారు, ఎవరింట్లో తిన్నారు, పడిపోయిన జీడితోటల మధ్యలోంచి వైరు ఎలా లాగారు, మొదట కరెంటొచ్చిన ఊళ్ళో ఎవరు ఏమన్నారు? అది రాసి నాకు పంపండి, చేత్తో రాసినా ఫర్వాలేదు.