ఒక్క డెక్కతో ఒళ్లంతా కొలవొచ్చా?

ప్రశ్న: జర్మనీలో రాతిలో దొరికిన ఒకే ఒక్క డెక్కను పట్టుకుని, ఆ 'సముద్రపు తేలు' రెండున్నర మీటర్లు ఉండేదంటున్నారు. ఒళ్లు దొరక్కుండా అంత కచ్చితంగా ఎలా చెబుతారు? అసలది తేలేనా?

జవాబు: మీరు అడుగుతున్నది యేకెలాప్టెరస్ గురించి. సుమారు 40 కోట్ల ఏళ్ల కిందటి జీవి. 2007లో వెల్లడించిన ఆ డెక్క విల్వెరాత్ దగ్గరి రాళ్లలోది. రాతిలో మిగిలిన ముక్క పొడవు 36.4 సెంటీమీటర్లు. పోయిన భాగాన్ని కూడా లెక్కేస్తే మొత్తం 45.5 వస్తుంది. దీనికి బాగా దగ్గరి జాతుల్లో డెక్కకూ ఒంటికీ ఉండే నిష్పత్తి పెద్దగా మారదు. అదే నిష్పత్తి దీనికీ వర్తిస్తుందనుకుంటే ఒళ్లు డెక్కకు అయిదు రెట్లకు పైనే, ఆరు రెట్లకు లోపే. అందుకే 2.33 నుంచి 2.59 మీటర్లని చెప్పారు. రెండున్నర అనేది ఆ రెంటి నడుమ అంకె, అంతే.

నిష్పత్తితో పాటు పోయిన ముక్క దగ్గర కూడా తేడా రావొచ్చు. అక్కడ ఒక్క సెంటీమీటరు ఎక్కువ వేసుకుంటే ఒళ్లు అయిదు సెంటీమీటర్లకు పైగా సాగిపోతుంది. ఇంకో పొరపాటు, చాచిన డెక్కల్ని కూడా కలిపి కొలవడం. తల ముందు అంచు నుంచి తోక కొస దాకా ఉన్నదే ఒంటి పొడవు. డెక్కలు చాస్తే దాదాపు ఇంకో మీటరు కలుస్తుంది, ఆ లెక్క వేరు. దొరికింది విడిచిన కుబుసం కావచ్చన్న అనుమానం రావడం సహజమే. అయినా లెక్క తప్పదు: కుబుసం విడిచాక ఆ జీవి పెరుగుతుందే గానీ తరగదు.

ఇక తేలు సంగతి. తేలుకూ దీనికీ దూరపు చుట్టరికం ఉంది గానీ ఇది తేలు కాదు. తేలు పెద్ద డెక్కలు నోటి పక్కనుండే రెండో జత అవయవాలు. యేకెలాప్టెరస్ డెక్కలు మాత్రం మొదటి జత, అంటే కెలిసెరాలు. తేలు నోటి దగ్గర చిన్నగా, ఆహారాన్ని చీల్చడానికి పనికొచ్చేవీ అవే. ఇక్కడ అవే బారెడు సాగి, లోపలి అంచున పళ్లు మొలిచి, వేట పట్టే ఆయుధాలయ్యాయి. తోకకు కొండి లేదు, చివర చదునైన రేకు ఉంటుంది.

'సముద్రపు' అన్న మాటను కూడా పూర్తిగా నమ్మకండి. విల్వెరాత్‌లోది నడిసముద్రపు జీవి కాదు, నది సముద్రంలో కలిసేచోట, ఉప్పు తగ్గిన నీళ్లలో బతికింది.