సీడ్ ట్యాంకు దగ్గరికి వెళ్లే ముందు

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

పరవాడలో ఫెర్మెంటేషన్ (పులియబెట్టే) సెక్షన్‌లో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఫోన్లో చెబితే సగం వినకుండానే "సరే పెదనాన్నా" అంటావు, అందుకే రాస్తున్నా.

మీ దగ్గర ఏం తీస్తారో నాకు తెలీదు. నేను ఎక్కువకాలం చూసింది సిట్రిక్ యాసిడ్. ఉల్లిపాయ పొరల మీద నల్లటి మసిలా పడుతుంది చూడు, ఆస్పర్జిల్లస్ నైగర్, ఆ బూజే మా కూలీ. పుల్లటి చక్కెర నీళ్లలో పెంచితే అది యాసిడ్ దండిగా ఇస్తుందని 1917లో జేమ్స్ కరీ చూపించాడు. పరీక్ష కోసం నువ్వూ చదివే ఉంటావు. అయితే దాని దగ్గర పని రాబట్టాలంటే కడుపు నిండా చక్కెర పెట్టాలి, మాంగనీసు అనే లోహం మాత్రం అందనివ్వకూడదు. అది అందిందా, హాయిగా ఒళ్లు పెంచుకుంటుంది, యాసిడ్ ఊసెత్తదు. మేం చక్కెర కోసం వాడే మొలాసిస్‌లో, అంటే చక్కెర మిల్లులో మిగిలే మడ్డిలో, లోహాలు ఎక్కువ కాబట్టి ముందే ఫెర్రోసయనైడ్ వేసి వాటిని పట్టేస్తాం.

శాంపిల్‌ను గాజు బీకరులో పోసి వెలుతురుకు ఎత్తి చూసేవాణ్ణి. బాగున్న బ్యాచ్‌లో బూజు బొంబాయి రవ్వలా చిన్న చిన్న గుండ్రటి గింజలు కడుతుంది. దూదిపింజల్లా సాగి గంజిలా చిక్కబడితే ఎక్కడో తేడా వచ్చినట్టే. పులుపు కొలిచే పీహెచ్ మీటరు చూడొద్దని కాదు, బీకరు కూడా చూడమంటున్నా.

ఒక రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ ఎత్తుకోవడం ఆలస్యమైంది, ఆ కాసేపూ ట్యాంకులోకి గాలి వెళ్లలేదు. నేను షిఫ్ట్ పుస్తకంలో ఆ సంగతి రాయలేదు. కాసేపే కదా అనుకున్నా. బూజు చావలేదు, మళ్లీ పెరిగింది కూడా. యాసిడ్ మాత్రం రాలేదు. గాలి ఆగితే అది బతికే ఉండి పని మానేస్తుందని అప్పటికి నాకు తెలియదు. కారణం కోసం రెండు రోజులు అందరూ పీహెచ్ మీటర్లు విప్పి చూశారు. నేను నోరు విప్పి ఉంటే ఆ తిప్పలు తప్పేవి. కాబట్టి ఏం జరిగినా, నీ తప్పయినా సరే, టైముతో సహా రాసెయ్యి.

సీడ్ అంటే మనింటి తోడే. తోడు చెడితే పాలెన్ని పోసినా ఏం లాభం? పెద్ద ట్యాంకులోకి వదిలే ముందు మైక్రోస్కోపు కింద ఒక చుక్కలో బాక్టీరియా చేరిందేమో చూడు, తొందర పెట్టేవాళ్లు ఉంటారు, పెట్టనీ. కొన్ని బాక్టీరియాలు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. బూజుకు అదే పనికి గంటలు కావాలి. పందెంలో మనది తాబేలు.

శాంపిల్ వాల్వుకు తీసే ముందూ తీశాకా స్టీమ్ పెట్టు. మీ పెద్దమ్మ ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమంటుందో నీకు తెలుసుగా.

— పెదనాన్న
గాజువాక