థీసిస్ ముందు కూర్చోగానే బీరువా సర్దాలనిపిస్తోంది.. ఇది జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 34. ప్రైవేటు డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడిని. పీహెచ్‌డీ ఫీల్డ్‌వర్క్ ఎప్పుడో పూర్తయింది, థీసిస్ రాయడమే మిగిలింది. రాత్రి కంప్యూటర్ ముందు కూర్చోగానే పుస్తకాల బీరువా సర్దాలనిపిస్తుంది, లేదంటే ఫోన్ చేతిలోకి వస్తుంది. గడువు ఇప్పటికే ఒకసారి పొడిగించారు. గైడ్ ఫోన్ చేస్తే ఎత్తడానికి భయమేస్తోంది. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటున్నారు. ఇది జబ్బా? మందులేమైనా ఉన్నాయా?
- ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: పనులను వాయిదా వేయడం దానంతట అది జబ్బు కాదు. మానసిక రుగ్మతల అంతర్జాతీయ వర్గీకరణల్లో ఈ పేరుతో వ్యాధి ఏదీ లేదు కాబట్టి, దీనికంటూ ప్రత్యేకంగా ఒక మాత్ర కూడా లేదు. అలాగని దీన్ని బద్ధకం అనలేం. బద్ధకించేవారికి పని కాలేదన్న బాధ అంతగా ఉండదు, రాత్రిపూట బీరువా దులిపే ఓపిక అసలే ఉండదు.

మీరు ఫైలు తెరిచినప్పుడు ఏం జరుగుతోందో ఒకసారి గమనించండి. శీర్షిక అక్షరాల సైజు మారుస్తారు, మార్జిన్లు సరిచేస్తారు, మొదటి వాక్యం దగ్గరకు వచ్చేసరికి ‘రాసింది పేలవంగా ఉంటే? ఇన్నాళ్లూ ఏం చేశావని సార్ అడిగితే?’ అన్న ఆందోళన మొదలవుతుంది. ఫైలు మూసేయగానే అది తగ్గుతుంది. దురద పుట్టినచోట గోకితే వచ్చే హాయి వంటిదే ఈ ఉపశమనం. తప్పించుకుంటే హాయిగా ఉంటుందని మెదడు నేర్చుకుంటుంది, మర్నాడు మరింత తొందరగా తప్పించుకుంటుంది. ఈలోగా గడువు దగ్గరపడి భయం పెరుగుతుంది. అంటే మీరు వాయిదా వేస్తున్నది థీసిస్‌ను కాదు, థీసిస్ తెచ్చే ఆ ఇబ్బందిని. అందుకే కేవలం టైమ్‌టేబుల్‌తో ఈ సమస్య తీరదు. రంగు పెన్నులతో చక్కని టైమ్‌టేబుల్ గీసుకోవడంలోనే సాయంత్రమంతా గడిపేసేవారూ ఉంటారు!

అయితే ముందుగా కొన్ని విషయాలు నిర్ధారించుకోవాలి. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రలో, ఆకలిలో మార్పు ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, దానికి మంచి చికిత్స ఉంది. ఎప్పుడూ నీరసంగా ఉంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. ఒక్క థీసిస్ విషయంలోనే కాకుండా, కరెంటు బిల్లు మొదలుకొని అన్నింటిలోనూ మరపు, నిలకడలేమి చిన్నప్పటి నుంచీ, అంటే 12 ఏళ్లలోపు నుంచే ఉంటే, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉందేమో సైకియాట్రిస్టు పరిశీలించాలి. ఏకాగ్రతకు పనికొస్తాయని కొందరు చెప్పుకొనే మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులు అలా నిర్ధారణ అయినవారికే, అదీ వైద్యుల పర్యవేక్షణలోనే ఇస్తారు. స్నేహితులు చెప్పారని వాడకండి.

ఇవేవీ లేకపోతే, మొదలుపెట్టడాన్ని వీలైనంత చిన్నది చేసుకోవాలి. ‘ఈ వారం మూడో అధ్యాయం పూర్తి చేస్తాను’ అనుకుంటే మెదడు మళ్లీ పారిపోతుంది. ‘భోజనం అయ్యాక 9 గంటలకు, హాల్లో బల్ల దగ్గర కూర్చుని, రెండో పట్టిక కింద నాలుగు వాక్యాలు రాస్తాను’ అని సమయం, చోటు, పని మూడూ ముందే తేల్చుకోండి. ఆ నాలుగు వాక్యాలు బాగుండాలన్న నియమం పెట్టుకోవద్దు, దిద్దుకోవడానికి ఇంకో రోజు ఉంటుంది. ఫోన్ వేరే గదిలో ఉండాలి, సైలెంట్‌లో పెట్టి పక్కనే ఉంచుకుంటే చాలదు. 25 నిమిషాలు కాగానే, ఊపు వచ్చినా సరే, లేచి ఐదు నిమిషాలు నడవండి. బీరువా సర్దాలన్న కోరిక పుడితే దాన్ని ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి. కొద్దిసేపు దాని జోలికి వెళ్లకపోతే ఆ కోరిక తానే చల్లబడుతుంది.

జరిగిన ఆలస్యానికి మిమ్మల్ని మీరు తిట్టుకోవడం కూడా మానేయాలి. ఇది ఓదార్పు కోసం చెబుతున్న మాట కాదు. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థులపై జరిపి, 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదవకుండా వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవారు తర్వాతి పరీక్షకు తక్కువగా వాయిదా వేశారని తేలింది. తిట్టుకున్నకొద్దీ ఆ పని పేరు చెబితేనే మనసు ముడుచుకుపోతుంది.

ఇక గైడ్ సంగతి. ఫోన్‌లో మాట్లాడటం కష్టమైతే ఈ రాత్రికే ఒక సందేశం పంపండి: ‘సార్, రెండో అధ్యాయం చిత్తుప్రతి, లోపాలతోనే, వచ్చే నెల 10న పంపుతాను.’ ఎదుటివారికి చెప్పిన తేదీకి ఉండే బలం మనలో మనం అనుకున్న తేదీకి ఉండదు. పైగా మీరు ఇన్నాళ్లూ ఊహించుకుంటున్న కోపం ఆయనకు నిజంగా ఉందో లేదో కూడా తెలిసిపోతుంది.

ఆరు వారాలు ఇలా ప్రయత్నించినా మార్పు లేకపోతే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే మాటల చికిత్స) ఈ అలవాటు మీద బాగా పనిచేస్తుంది. దిగులు ఎక్కువైనా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అంతవరకు ఆగవద్దు. వెంటనే సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లండి, లేదా కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.