'మా అక్క అకౌంటు' అన్నాడు, నా అకౌంటు ఆగిపోయింది

ప్రశ్న: పోయిన నెల పీటూపీలో (క్రిప్టో యాప్‌లో మనుషులే ఒకరికొకరు నేరుగా కొని అమ్ముకునే పద్ధతి) 500 యూఎస్‌డీటీ (డాలర్ విలువకు ముడిపెట్టిన క్రిప్టో కాయిన్లు) అమ్మాను. ఐఎంపీఎస్‌లో డబ్బులు పడ్డాయి, బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూసుకున్నాకే కాయిన్లు రిలీజ్ చేశాను. ఆర్డర్‌లో ఒకాయన పేరుంది, డబ్బు పంపింది మాత్రం ఎవరో ఆవిడ. అడిగితే 'మా అక్క అకౌంటు' అన్నాడు. 12 రోజుల తర్వాత నా అకౌంటు మొత్తం ఫ్రీజ్ చేశారు. జీతం, హోమ్ లోన్ ఈఎంఐ అన్నీ అందులోనే. ఐఎంపీఎస్ డబ్బు వెనక్కి పోదంటారు కదండీ, మరి ఇదేంటి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ 'మా అక్క అకౌంటు' అన్న మాట దగ్గరే మీరు ఆగాల్సింది. ఐఎంపీఎస్ గానీ యూపీఐ గానీ ఒకసారి పడ్డాక పంపినవాళ్లు తమంతట తాము వెనక్కి లాక్కోలేరు, నిజమే. కానీ పోలీసులు ఆపించగలరు. మీ విషయంలో చాలావరకు ఇదే జరిగి ఉంటుంది: మోసగాడు ఆవిడకు పార్ట్‌టైమ్ ఉద్యోగమనో, ట్రేడింగ్ లాభాలనో ఆశ చూపించి, డబ్బు కట్టమని మీ అకౌంటు నంబరు ఇచ్చాడు. ఆవిడ మీకు కట్టింది, మీరు వాడికి కాయిన్లు వదిలారు, వాడు మాయమయ్యాడు. మోసం తెలిశాక ఆవిడ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే డబ్బు జాడ నేరుగా మీ దగ్గరికొచ్చింది. పాపం ఆవిడా మీలాగే నష్టపోయింది.

అమ్మేవాళ్లందరికీ చెబుతున్నాను, డబ్బు పడిందా అని చూస్తే సరిపోదు, ఎవరి పేరుతో పడిందో చూడాలి. ప్లాట్‌ఫామ్ చూపించే కేవైసీ పేరుతో అది కలవకపోతే అక్క అన్నా, బావ అన్నా, పార్ట్‌నర్ అన్నా రిలీజ్ నొక్కొద్దు. కాయిన్లు ఎస్క్రోలోనే, అంటే ప్లాట్‌ఫామ్ చేతిలోనే ఆగి ఉంటాయి, ప్లాట్‌ఫామ్‌కు అప్పీల్ పెట్టండి. 'హాస్పిటల్లో ఉన్నాం, తొందరగా వదలండి' అని టెన్షన్ పెడితే ఇంకా గట్టిగా ఆగండి. మాటల్ని వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో మార్చనివ్వకండి, రేపు మీరు చూపించుకోవాల్సిన సాక్ష్యం ప్లాట్‌ఫామ్‌లోని చాటే. స్క్రీన్‌షాట్, ఎస్సెమ్మెస్ నమ్మొద్దు. చెక్కు అయితే అసలే వద్దు, జమ అయినట్టు కనబడి తర్వాత బౌన్స్ అవుతుంది. పేరు కలిసినా అది అద్దెకు తీసుకున్న అకౌంటు కావచ్చు, కాబట్టి జీతం పడే అకౌంటును దీనికి వాడకండి.

ఇక మీ సంగతి. ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం, ఏ సైబర్ స్టేషన్, ఎంత మొత్తం ఆపమన్నారు అన్నది బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కేసు చూసే అధికారికి ఆర్డర్ నంబరు, చాట్, కొన్నవాడి కేవైసీ పేరు, మీ స్టేట్‌మెంట్, క్రిప్టో అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కట్ అయి ఉంటే ఆ రుజువు, అన్నీ ఈమెయిల్‌లో పంపండి. వివాదంలో ఉన్న మొత్తమే ఆపి మిగతాది వదలమని అడగండి. 2023లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసుల్లోనే, పోలీసులు చెప్పిన మొత్తానికే ఫ్రీజ్ పరిమితం చేయాలని బ్యాంకులకు చెప్పింది. అయినా కదలకపోతే వకీలు ద్వారా మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయొచ్చు. ఎవరైనా ఫోన్ చేసి 'ఆ డబ్బు ఈ అకౌంటుకు తిరిగి వేస్తే కేసు పోతుంది' అంటే రూపాయి కూడా పంపకండి, ఇచ్చేది ఏదైనా ఆ అధికారికి తెలిసి, కాగితం మీద జరగాలి.

లోన్ ఇచ్చిన బ్యాంకుకు ఈరోజే విషయం చెప్పి, ఈ నెల ఈఎంఐ వేరే అకౌంటు నుంచి కట్టేయండి.