మా వాడికి రైళ్ల పిచ్చి... డాక్టర్‌కి చూపించాలా?

ప్రశ్న: మాది గుంతకల్లు. రైల్వేలో డీజిల్ అసిస్టెంట్‌గా చేరి, 36 ఏళ్లు పనిచేసి, మెయిల్ బళ్లు నడిపే లోకో పైలట్‌గా రిటైరయ్యాను. ఒక్కడే కొడుకు, 25 ఏళ్లు. బీటెక్ మెకానికల్ చదివాడు. తొమ్మిదో తరగతి నుంచే కళ్లద్దాలు. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలకే మానేసి వచ్చేశాడు, కారణం చెప్పడు. ఏడాదిన్నరగా పొద్దున లేస్తే స్టేషన్‌లోనే ఉంటాడు. ఇంజిన్లకు వీడియోలు తీస్తాడు, వాటి నంబర్లు నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. నెలకు రెండు మూడుసార్లు ఏదో బండెక్కి రేణిగుంటకో రాయచూరుకో వెళ్లి, ఊళ్లోకి కూడా పోకుండా తిరుగు బండిలో వచ్చేస్తాడు. డబ్బులు వాళ్లమ్మ ఇస్తుంది. ఈ పిచ్చి ఇప్పటిది కాదు. వాడికి మూడేళ్లప్పుడు, నా బండి వచ్చే వేళకు వాళ్లమ్మ చంకనేసుకుని రైల్వే గేటు దగ్గర నిలబడేది. నేను హారన్ కొడితే వాడు గంతులేసేవాడు. అప్పుడే మాన్పించాల్సింది. పోయిన నెల ఔటర్ సిగ్నల్ దగ్గర పట్టాల పక్కన నిలబడి వీడియో తీస్తున్నాడని నాతో పనిచేసినాయన ఫోన్ చేశాడు. నా సర్వీసులో ఐదుగురు నా బండి కింద పడ్డారు. ఇంటికి రాగానే చెయ్యి చేసుకున్నాను. అంత ప్రేముంటే పరీక్ష రాసి డ్రైవర్ అవ్వరా అన్నాను. లేచి వెళ్లిపోయాడు. 22 రోజులుగా మాటల్లేవు. రైలు నా పండగలన్నీ తినేసింది, ఇప్పుడు కొడుకునూ తింటోంది. డాక్టర్‌కి చూపించాలా?
– పేరు రాయవద్దు

జవాబు:

అయ్యా, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. రైళ్లంటే ఇష్టమని ఎవరినీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లక్కర్లేదు. ఇది లోకంలో మీ అబ్బాయి ఒక్కడికే ఉన్న సంగతి కాదు. బ్రిటన్‌లో 1940లలోనే పిల్లలు ప్లాట్‌ఫామ్ చివర నిలబడి ఇంజిన్ నంబర్లు రాసుకునేవాళ్లు. జపాన్‌లో అయితే ఇందులో శాఖలు కూడా ఉన్నాయి. ఫొటోలు తీసేవాళ్లను తోరితెత్సు అంటారు, ఊరికే ఎక్కి తిరిగేవాళ్లను నోరితెత్సు అంటారు. మీవాడు రెండూ అయినట్టున్నాడు. మన దగ్గర అన్నిటికీ కలిపి పిచ్చి అన్న ఒక్క మాటే ఉంది, అదే వచ్చిన చిక్కు. మా ఆయన టెస్ట్ మ్యాచ్ ఐదు రోజులూ చూసి, అది డ్రా అయినా బాగుందంటారు. ఆయన్ని డాక్టర్‌కి చూపించమని ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు.

ఊళ్లోకి పోకుండా తిరుగు బండిలో వచ్చేయడం మీకు వింతగా ఉంది. మీరు 36 ఏళ్లు చేసింది అదే కదా! కాకపోతే మీకు జీతం వచ్చింది, మధ్యలో రన్నింగ్ రూమ్‌లో కాస్త నిద్ర దొరికింది. ప్రయాణమే పని అయిన మనిషికి ప్రయాణమే సరదా అంటే మింగుడు పడదు, అర్థం చేసుకోగలను. అతనికి మాత్రం రాయచూరులో చూడాల్సిందేమీ లేదు. చూడాల్సిందంతా దారిలోనే ఉంది. ఏ స్టేషన్ బోర్డు మీద సముద్ర మట్టం నుంచి ఎత్తు ఎంత రాశారు, ఎదురు బండితో ఎక్కడ క్రాసింగ్ పడింది, ముందున్నది ఏ షెడ్డు ఇంజిన్. ఇంకోటి కూడా ఉంది. మీరు నడిపిన పాత ఆల్కో డీజిల్ ఇంజిన్లు 1962లో మొదట అమెరికా నుంచి వచ్చాయి, తర్వాత దశాబ్దాల పాటు వారణాసిలో తయారయ్యాయి. లైన్లన్నీ కరెంటుకు మారిపోయాక అవి ఒక్కొక్కటే పక్కకు పోతున్నాయి. ఆ గుడగుడ చప్పుడు, ఆ నల్ల పొగ పోకముందే రికార్డు చేసుకోవాలని ఈ కుర్రాళ్లకు ఆరాటం. మీకు విసుగు పుట్టించిన చప్పుడు కోసం వాళ్లు గంటల తరబడి కాచుకుని కూర్చుంటారు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది ఈ సరదా కాదు, ఆ ఎనిమిది నెలలు. కారణం చెప్పడు అని మీరు సగం వాక్యంలో తేల్చేశారు. మంచి ఉద్యోగం వదిలి ఇంటికొచ్చిన కుర్రాడు ఏడాదిన్నరైనా నోరు విప్పలేదంటే అక్కడ ఏదో జరిగి ఉండాలి. అవమానం కావచ్చు, పని రాత్రీ పగలూ తేడా లేకుండా సాగి ఉండొచ్చు, లేదా ఆ పని తనకు రాదని భయం పట్టుకుని ఉండొచ్చు. ఇవన్నీ నా ఊహలే. అడగాల్సింది మీరు. కానీ ఎందుకు మానేశావ్ అని అడగకండి, అది ఎంక్వయిరీలా ఉంటుంది. అక్కడ రోజు ఎలా గడిచేది అని అడగండి.

డాక్టర్ సంగతి ఇక్కడ పనికొస్తుంది. నిద్ర సరిగా పడుతోందా, అన్నం తింటున్నాడా, పాత స్నేహితులతో మాట్లాడుతున్నాడా చూడండి. పొద్దున్నే లేచి, తయారై, ఇష్టమైన చోటికి పోతున్నాడంటే అది మంచి లక్షణమే. ఏదో ఒకరోజు స్టేషన్‌కి వెళ్లడం కూడా మానేసి గోడకు తిరిగి పడుకుంటే మాత్రం ఆలస్యం చేయకండి. మీ ఊళ్లో సైకియాట్రిస్ట్ అందుబాటులో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక మీకు కోపం వచ్చినా సరే ఒక మాట చెప్పాలి. ఉత్తరం మొదట్లో తొమ్మిదో తరగతి నుంచే కళ్లద్దాలు అని రాశారు. చివర్లో పరీక్ష రాసి డ్రైవర్ అవ్వమన్నానని రాశారు. అసిస్టెంట్ లోకో పైలట్‌కి ఏ-1 మెడికల్ ఉంటుందని, అద్దాలు లేకుండా రెండు కళ్లూ 6/6 ఉండాలని మీకు నేను చెప్పాలా? ఎన్ని మెడికల్స్‌కి వెళ్లొచ్చి ఉంటారు మీరు! లేజర్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను కూడా ఆ పోస్టుకు తీసుకోరు. మీరు మరిచిపోయి అన్నారో, తెలిసే అన్నారో. అతనికి మాత్రం ఈ సంగతి పద్నాలుగేళ్ల వయసు నుంచీ తెలిసే ఉంటుంది. చెంపదెబ్బకు కాదు, ఈ మాటకు లేచి వెళ్లిపోయాడని నా అనుమానం.

పట్టాల విషయంలో మాత్రం నేను మీ వైపే. అక్కడ ఒక్క అంగుళం కూడా తగ్గకండి. గూడ్స్ పోతున్న చప్పుడులో పక్క లైన్లో వచ్చే కరెంటు ఇంజిన్ వినపడదు. చూపంతా ఫోన్ తెర మీద ఉంటే కనపడదు కూడా. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్తే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. వెయ్యి రూపాయలే కదా అనుకుంటారు కుర్రాళ్లు. రేపు గవర్నమెంట్ ఉద్యోగం వచ్చి పోలీసు వెరిఫికేషన్ జరిగేటప్పుడు ఆ కేసు కాగితం మీద రాసుకోవాల్సి వస్తుంది. ప్లాట్‌ఫామ్ టికెట్ పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. పసుపు గీతకు ఇవతల నిలబడి తీసుకోమనండి. ఆర్పీఎఫ్ వాళ్లు వచ్చి వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయాలి, వాదన పనికిరాదు.

కానీ ఇది చెయ్యెత్తితే ఎక్కే విషయం కాదు. ఇరవై అయిదేళ్ల వాణ్ని కొడితే దెబ్బ గుర్తుంటుంది, కారణం గుర్తుండదు. కారణం మీ దగ్గర ఎలాంటిది ఉందో చూడండి. ఐదుగురు నా బండి కింద పడ్డారు అని రాసి, వెంటనే ఫుల్‌స్టాప్ పెట్టి, తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోయారు. ఆ ఐదుగురి గురించి ఇంట్లో ఎప్పుడైనా చెప్పారా? ఎమర్జెన్సీ బ్రేక్ వేశాక బండి ఆగే లోపు ఏం చూశారో, హారన్ మీది చెయ్యి ఎంతసేపు తియ్యలేకపోయారో, ఆ రాత్రి ఇంటికొచ్చి అన్నం ముందు ఎలా కూర్చున్నారో? మీ భార్యకైనా పూర్తిగా తెలుసని నాకు అనిపించడం లేదు. కొడుక్కి ఒక్కరి గురించి చెప్పండి, చాలు. పట్టాల పక్కన నిలబడి ఫోన్ పట్టుకున్న కుర్రాడు ఇంజిన్ క్యాబ్‌లోంచి ఎలా కనిపిస్తాడో ఏ వీడియోలోనూ ఉండదు. అది చెప్పగలిగినవాళ్లు మీ ఇంట్లో మీరొక్కరే.

డబ్బు సంగతి త్వరగా తేల్చేద్దాం. టికెట్లకు వాళ్లమ్మ చాటుగా ఇవ్వడం ఆపాలి. అది ఆవిడకీ మీకూ మధ్య కూడా గొడవ పెడుతుంది. సరదా ఖర్చు అతని సొంత సంపాదనలోంచే రావాలి. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పుకున్నా సరే, చిన్న పని ఏదైనా సరే. రైల్వేలోనే చేయాలని ఉంటే దారులు ఉన్నాయి. స్టేషన్ మాస్టర్‌కి కూడా అద్దాలు అడ్డమే. జూనియర్ ఇంజనీర్ పోస్టుల్లో మాత్రం కొన్నింటికి అద్దాలతోనే పనికొస్తారు. మెకానికల్ చదివినవాడికి షెడ్డులో పనంటే ఇంకేం కావాలి! ఏ పోస్టుకి ఏ మెడికల్ అన్నది నోటిఫికేషన్‌లోనే పట్టిక ఇస్తారు. ఫీజు కట్టకముందే ఇద్దరూ కూర్చుని అది చూడండి. రైల్వే బయట కూడా ఉన్నాయి. రైళ్లు గుద్దుకోకుండా ఆపే కవచ్ పరికరాలు మొదట తయారు చేసిన మూడు కంపెనీలూ హైదరాబాద్‌వే. ఆ ఊరికి దగ్గర్లోనే కొండకల్ దగ్గర ప్రైవేటు కోచ్ ఫ్యాక్టరీ 2023లో మొదలైంది. పోటీ మాత్రం విపరీతం. పరీక్ష పేరుతో రెండేళ్లు గదిలో కూర్చోబెట్టేయకండి. చదువుతూనే ఏదో ఒక పని చేసుకోవాలని ఖచ్చితంగా చెప్పండి.

మీ పండగల సంగతి. రాత్రి రెండింటికి డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ తలుపు కొడితే సంతకం పెట్టి, సామాన్ల లైన్ బాక్స్ ఎత్తుకుని డ్యూటీ ఎక్కే లాబీకి నడిచిన మనిషికి రైలు మీద కోపం ఉండడంలో తప్పేముంది? ఉండాలి కూడా. మీరు పడ్డదాన్ని మీ అబ్బాయి ముచ్చటగా చూస్తుంటే ఒళ్లు మండుతుంది. కానీ ఆ కోపం రైల్వే మీదిది. ఇంట్లో రైలు పేరెత్తేది అతనొక్కడే కాబట్టి అతని మీద పడింది. గేటు దగ్గర చంకలో పిల్లాడు గంతులేసిన సంగతిని మీరు పిచ్చికి మొదలు అన్నట్టు రాశారు. నేను చదువుతూ అక్కడ కాసేపు ఆగిపోయాను. నాన్న ఇంట్లో లేని ఇంట్లో పెరిగిన పిల్లాడికి నాన్న కనిపించే చోటు ఆ గేటు.

ఈ పేజీ మీ నాన్న మీకు చూపిస్తే, బాబూ, మీకూ రెండు మాటలు. ఎక్కే ముందు ఏ బండో, ఎప్పుడు వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. ఔటర్ దగ్గర మిమ్మల్ని చూసి ఫోన్ చేసినాయన ఆ రోజంతా ఎలా డ్యూటీ చేసి ఉంటాడో ఆలోచించండి. మీ నోట్‌బుక్‌లో నంబర్లున్న ప్రతి ఇంజిన్‌లోనూ మీ నాన్నలాంటివాళ్లు ఇద్దరు ఉంటారు.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. చెయ్యి చేసుకున్నది మీరు కాబట్టి మొదట మాట కలపాల్సింది కూడా మీరే. మధ్యలో వాళ్లమ్మతో కబుర్లు పంపకండి. మాట కలిశాక ఒక పగలు ఇద్దరూ కలిసి నంద్యాల మీదుగా గిద్దలూరు దాకా వెళ్లి రండి, జనరల్ టికెట్ చాలు. నల్లమలలో ఆ లైను మీకు కొట్టిన పిండి అయ్యుంటుంది. మీటర్ గేజ్ లైనును బ్రాడ్ గేజ్‌గా మార్చినప్పుడు వదిలేసిన పాత దొరబావి వంతెన గురించి అతను చదివిందేదో మీకు చెప్తాడు, మీరు విన్నదేదో మీరు చెప్పండి. అన్నేళ్లు ముందు కూర్చుని సిగ్నల్ చూసిన మనిషి, ఒక్కసారి కిటికీ పక్కన కూర్చుని పల్లీలు తినడం కూడా బాగానే ఉంటుంది.

తప్పయిపోయింది అన్న మాట మన తరం మగవాళ్లకు నోట్లోంచి రావడం కష్టమని నాకు తెలుసు. రాకపోతే ఇంకో పని చేయండి. రేపు పొద్దున అతను షూ వేసుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని, మీ అమ్మ నిన్ను గేటు దగ్గరికి తెచ్చే రోజుల్లో నేను ఏ ఇంజిన్ మీద వచ్చేవాణ్నో గుర్తుందా అని అడగండి. నంబరుతో సహా చెప్పినా నేను ఆశ్చర్యపోను.