ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో రక్తం చాప్టర్, అనాటమీ ఎలా చదివితే గుర్తుంటాయి?

హెమటాలజీ ఎన్నిసార్లు చదివినా నిలవడం లేదని, అనాటమీకి వీడియోలు చూస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. నిలవకపోవడానికి కారణం కూడా అక్కడే ఉంది. రక్తాన్ని ఫిజియాలజీ పుస్తకంలో, ఎముకల్ని డిసెక్షన్ హాల్లో వదిలేసి హాస్టల్‌కి వచ్చేస్తే రెండూ నిలవవు. ఎవరి రక్తం, ఏ ఎముకలో తయారైంది, ఏ చోట సూది గుచ్చి తీశారు అన్నది కళ్ళ ముందు ఉండాలి. నేను కోస్తాలో చదువుకుని ఇప్పుడు ఒక పీహెచ్‌సీలో పనిచేస్తున్నాను. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

రక్తానికి యాసిడ్ కలిపి, వచ్చిన రంగుని బట్టి హిమోగ్లోబిన్ చూసే సాలీ పద్ధతి ప్రాక్టికల్ మాకు జరిగిన రోజు సంగతి చెబుతాను. ఇద్దరిద్దరిని జత చేశారు. నాకు జతగా వచ్చింది నా రూమ్మేటే. తన ఎడమచేతి ఉంగరం వేలిని స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, లాన్సెట్‌తో పొడిచాను. మొదటి చుక్క తుడిచేసి, రెండో చుక్కను పిపెట్‌లో 20 గీత దాకా పీల్చి, ట్యూబులో ఉన్న పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లోకి వదిలాను. పది నిమిషాల్లో అది ఫిల్టర్ డికాక్షన్ రంగులోకి తిరిగింది. ఇక డిస్టిల్డ్ వాటర్ ఒక్కో చుక్కా వేస్తూ, గాజు పుల్లతో కలుపుతూ, పక్కనున్న బ్రౌన్ గాజుతో రంగు సరిచూడాలి. రంగు కలిసిన చోట ట్యూబు మీదున్న గీతే హిమోగ్లోబిన్ గ్రాముల లెక్క. మిగతా టేబుళ్ళ వాళ్ళు 12, 13 దాకా నీళ్ళు వేస్తూనే ఉన్నారు. మాది 8 దాటీ దాటకముందే రంగు కలిసిపోయింది. ఇంకో చుక్క వేస్తే వెలిసిపోతోంది. పక్క టేబుల్ అమ్మాయి వచ్చి చూసి, "వేలు గట్టిగా నొక్కి ఉంటారే, రికార్డులో 12 అని రాసేయండి" అంది.

వేలు నొక్కితే టిష్యూ ఫ్లూయిడ్ కలిసి రీడింగ్ తగ్గే మాట నిజమే. కానీ నేను నొక్కలేదు. మేడమ్‌ని పిలిచాను. ఆవిడ ముందు ట్యూబు చూడలేదు. నా రూమ్మేట్‌ని కిటికీ వైపు తిప్పి, కింది కనురెప్ప కొంచెం కిందికి లాగారు. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి ఉంది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అమ్మా?"

"వస్తోంది మేడమ్. ఒళ్ళు వచ్చిందేమో అనుకున్నాను."

"అన్నం తిన్న వెంటనే టీ తాగుతావా?"

తను తలూపింది. టీ ఆహారంలోని ఐరన్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వదని మాకు పాఠంలో చెప్పారు, కానీ అప్పటిదాకా మాలో ఎవరూ మెస్‌లో కప్పు పక్కన పెట్టలేదు.

ఆ తర్వాత రక్తం చుక్కని గాజు స్లైడ్ మీద పలచగా పరిచే స్మియర్ ప్రాక్టికల్ వచ్చినప్పుడు లీష్‌మన్ స్టెయిన్ అనే రంగు వేసిన మా ఇద్దరి స్లైడ్లనీ మేడమ్ పక్కపక్క మైక్రోస్కోపుల్లో పెట్టించారు. నా స్లైడ్‌లో ఎర్రకణం చిన్న లింఫోసైట్ అనే తెల్లకణం న్యూక్లియస్‌తో ఇంచుమించు సమానంగా ఉంది. నడుమ మూడో వంతు మేర పలచగా, మిగతా అంతా గులాబీ రంగు. తన స్లైడ్‌లో కణాలు ఆ న్యూక్లియస్ కన్నా చిన్నవి. రంగంతా అంచున సన్నని గీతలా మిగిలింది. 'మైక్రోసైటిక్ హైపోక్రోమిక్', అంటే కణం చిన్నది, రంగు తక్కువ, అన్న మాటని నేను మళ్ళీ బట్టీ పట్టాల్సిన పని పడలేదు. తనకి కడుపులో పురుగులకి ఆల్బెండజోల్ ఇచ్చి ఐరన్ మాత్రలు మొదలుపెట్టారు. ఫైనల్ ప్రాక్టికల్స్ నాటికి తన ట్యూబులో నీళ్ళు 11 దాటాయి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆ లెక్కని కమ్యూనిటీ మెడిసిన్‌లో మార్కుల కోసం చదువుతారు, అదే గదిలో పక్క మంచం మీద అమ్మాయి పాలిపోయి ఉంటే ఎవరికీ పట్టదు. రీడింగ్ తక్కువొస్తే 12 అని దిద్దుకుని రాయించే అలవాటు ఉన్నంతకాలం ఇంతే. నా దృష్టిలో మొదటి ఏడాదిలో రికార్డు దిద్దడం కన్నా పెద్ద తప్పు లేదు.

ఎర్రకణాలు చిన్నవైతే ఐరన్ లోపం. అదే పెద్దవైతే బీ12, ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ల లోపం గుర్తు రావాలి. ఫోలిక్ యాసిడ్ అనగానే యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తు రావాలి. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. ఇద్దరు అన్నదమ్ముల్ని తిన్నది పేగుల్లో ఒంటికి పట్టని స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్నారు. 1940లలో అమెరికాలో, లెడర్లే ల్యాబ్‌లో ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ని సింథసైజ్ చేసింది. ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్ ఆ పనిలోంచి వచ్చిందే. బయోకెమిస్ట్రీలో ఫాస్ఫరస్ కొలవడానికి మీరు చదివే ఫిస్కే-సుబ్బారావు పద్ధతిలో సుబ్బారావు ఈయనే అని తెలియకుండా తెలుగు పిల్లలు పరీక్ష పాసైపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

అనాటమీ కూడా ఇలాగే చదవండి. హిప్ బోన్ (తుంటి ఎముక) చేతిలోకి తీసుకోగానే అందరూ కుడిదా ఎడమదా అని చూసి పక్కన పెట్టేస్తారు. పెద్దయ్యాక రక్తం తయారయ్యే ఎర్ర మజ్జ ఎక్కువగా ఈ హిప్ బోన్‌లో, వెన్నుపూసల్లో, స్టెర్నమ్‌లో (రొమ్ము ఎముక), పక్కటెముకల్లోనే ఉంటుంది. బోన్ మ్యారో తీయడానికి సూది దించేది పోస్టీరియర్ సుపీరియర్ ఇలియాక్ స్పైన్ దగ్గర. ఆ గుబ్బని ఎముక మీద చూసి, వెంటనే మీ నడుం వెనక తడిమి చూసుకోండి.

మోచేతి మడత దగ్గర క్యూబిటల్ ఫోసా కూడా అంతే. రక్తం తీసే మీడియన్ క్యూబిటల్ వెయిన్ పైపైనే ఉంటుంది. దాని కింద బైసిపిటల్ అపోన్యూరోసిస్ అనే గట్టి పొర, ఆ పొర కింద బ్రేకియల్ ఆర్టరీ, దానికి లోపలి వైపు మీడియన్ నర్వ్. చెయ్యి కాస్త మడిచి బైసెప్స్ బిగిస్తే ఆ పొర అంచు వేలికి తగులుతుంది. దాని పక్కనే ఆర్టరీ కొట్టుకోవడం తెలుస్తుంది, బీపీ చూసేటప్పుడు స్టెతస్కోప్ పెట్టేది అక్కడే. ఏ వీడియోలోనూ ఇది వేలికి తగలదు.

డెంగీ సీజన్‌లో మా పీహెచ్‌సీకి వచ్చే ప్రతి కుటుంబం ప్లేట్‌లెట్లు ఎన్ని అనే అడుగుతుంది. ఇంతలో ఎవరో ఒకరు బొప్పాయి ఆకు రసం పట్టుకొస్తారు. అదే రిపోర్టులో హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు, దీన్నే ప్యాక్డ్ సెల్ వాల్యూమ్ అంటారు) పెరుగుతూ పోతే రక్తంలోని నీటి భాగమైన ప్లాస్మా రక్తనాళాల్లోంచి బయటికి కారుతోందని అర్థం, అసలు ప్రమాదం అక్కడుంది. కొత్త హౌస్‌సర్జన్లు కూడా ఆ గడి వైపు చూడకపోవడం చూస్తుంటాను. ప్యాక్డ్ సెల్ వాల్యూమ్‌ని మొదటి ఏడాది రెండు మార్కుల ప్రశ్నగా దాటేయడం వల్లే ఇలా జరుగుతోందని నా గట్టి నమ్మకం.

ఎముకల సెట్ కొనాలా అని కూడా అడిగారు. కొత్తది వద్దు, సీనియర్ల దగ్గర తీసుకోండి. కాకపోతే తీసుకునేముందు చేతి, పాదం చిన్న ఎముకలు అన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి, ఎక్కువగా పోయేవి అవే.